ఇంటి నెట్‌కు వీపీఎన్: నెల రోజులు వాడి చూసి తేల్చుకునే పద్ధతి

నల్లగొండలో మా ఇంటి పై పోర్షన్‌లో కిరాయికి ఉంటున్న డిగ్రీ విద్యార్థి ఒకరోజు కిందికి వచ్చి, "అంకుల్, మేం మీ వైఫైయే వాడుతున్నం కదా, ఏయే సైట్లు చూస్తున్నమో మీకు కనపడ్తదా?" అని అడిగాడు. నేను ఎన్నడూ రౌటర్ లోపలికి వెళ్లి అలా చూసిన పాపాన పోలేదు గానీ, చూడదలచుకుంటే సైట్ల పేర్లు కొంతవరకు తెలుసుకోవచ్చునన్నది నిజమే కాబట్టి ఆ మాటే చెప్పాను. వారం తిరగకుండానే అతని ఫోన్‌లో ఏదో ఉచిత వీపీఎన్ (మన నెట్ రాకపోకలను గుప్తంగా వేరే కంపెనీ సర్వర్ మీదుగా పంపే సేవ) యాప్ చేరింది, దాని వెంట నిమిషానికొక ప్రకటన కూడా చేరింది. అతనికి సరైనది వెతికి పెట్టే పనిలో పడి, మా ఇంట్లో కూడా నెల రోజులు వాడి చూశాను. ఆ నెలలో మేము చేసిన తప్పులను కూడా కలుపుకొని, మీరు ఏ పని తరువాత ఏ పని చేయాలో ఇక్కడ రాస్తున్నాను. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల వంటి పట్టణాల్లో ఫైబర్ కనెక్షన్ ఉన్న మామూలు ఇంటిని మనసులో పెట్టుకొని రాసినది ఇది.

మొదటి పని: ఎందుకు కావాలో ఒక్క వాక్యంలో రాసుకోండి

యాప్ దింపుకోకముందే ఈ పని చేయాలి, ఎందుకంటే వీపీఎన్ చేసే మేలు చాలామంది అనుకునే దానికన్నా తక్కువ. నల్లగొండ బస్టాండులోని ఆర్టీసీ కార్గో కౌంటరులో మీరొక పార్సిల్ ఇచ్చారనుకోండి. దాన్ని గట్టిగా కుట్టి ఇస్తే లోపల ఏముందో కౌంటరు దగ్గరి మనిషికి తెలియదు, అయితే అది ఎవరి పేరున ఏ ఊరికి పోతున్నదో పైన రాసే ఉంటుంది. ఇప్పుడు దాదాపు అన్ని పెద్ద వెబ్‌సైట్లు వాడుతున్న హెచ్‌టీటీపీఎస్ అనే పద్ధతి ఈ కుట్టు వంటిది. మీరు బ్యాంకు సైటులో ఏం టైప్ చేశారో నెట్ కంపెనీకి కనిపించదు, ఏ బ్యాంకు సైటుకు వెళ్లారో మాత్రం కనిపిస్తుంది. వీపీఎన్ మీ పార్సిళ్లన్నింటినీ ఒకే గోనెసంచిలో వేసి, మూతి కుట్టి, ఎక్కడో ఉన్న ఒక ఏజెంటు పేరున పంపుతుంది. కౌంటరులో ఇక ఆ ఏజెంటు పేరు తప్ప మరేమీ కనిపించదు. కానీ ఆ ఏజెంటు సంచి విప్పి, ఏ పార్సిల్ ఎవరికి చేరాలో చదివితే తప్ప పని జరగదు. అంటే ఇంతవరకు మీ నెట్ కంపెనీకి తెలుస్తున్న సంగతులే ఇకమీదట వీపీఎన్ కంపెనీకి తెలుస్తాయి.

కాబట్టి ఇంట్లో వీపీఎన్ పెట్టుకోవడానికి నాకు సరైనవిగా తోచిన కారణాలు రెండే. ఇంటి ఓనరుదో, పక్కింటి వారిదో, హాస్టల్‌దో వైఫై పంచుకొని వాడేవారికి, ఆ రౌటర్ ఎవరి చేతిలో ఉందో వారి కంట పడకుండా ఉండాలన్న కోరిక న్యాయమైనదే. సొంత కనెక్షన్ ఉన్నవారిలోనూ, తాము చూసే సైట్ల జాబితా నెట్ కంపెనీ దగ్గర పోగుపడడం ఇష్టం లేనివారు ఉంటారు. ఇంటి నుంచి కంపెనీ పని చేసేవారికి ఆఫీసు వారే తమ వీపీఎన్ ఇస్తారు గనుక వారికి వేరొకటి అక్కరలేదు, రెండింటినీ ఒకేసారి నడిపితే రెండూ సరిగా నడవవు కూడా.

మోసగాళ్ల ఫోన్లు, నకిలీ లింకులు, "డిజిటల్ అరెస్ట్" బెదిరింపులు, ఓటీపీ అడిగి డబ్బు లాగేయడం వంటి వాటిని వీపీఎన్ ఆపలేదు. అటువంటిది జరిగితే పిలవవలసిన నంబరు 1930. మీరు గూగుల్ ఖాతాలో లాగిన్ అయి ఉన్నంతసేపు మీరెవరో గూగుల్‌కు తెలుస్తూనే ఉంటుంది, ఫోన్‌లోని జీపీఎస్ మీరు నల్లగొండలోనే ఉన్నారని చెబుతూనే ఉంటుంది.

మీరు రాసుకున్న వాక్యం "నెట్ కంపెనీకి సైట్ల పేర్లు సులభంగా దొరకకూడదు" అన్నంత వరకే అయితే, ముందుగా ఖర్చు లేని మార్గం ఒకటి ప్రయత్నించండి. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రతి ఫోన్‌లోనూ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అనే చోటు ఉంది. అందులో గూగుల్‌దో, క్లౌడ్‌ఫ్లేర్‌దో డీఎన్ఎస్ పేరు నింపితే, సైటు పేరును ఐపీ నంబరుగా (నెట్‌లో చిరునామాగా పనిచేసే నంబరు) మార్చమని ఫోన్ అడిగే ప్రశ్నలు గుప్తంగా వెళ్తాయి. ఇది పూర్తి మరుగు కాదు, కనెక్షన్ మొదలయ్యే క్షణంలో సైటు పేరు చాలాసార్లు ఇంకా బయటపడుతుంది. అయినా స్పీడు తగ్గదు, ఏ యాప్ అలగదు. చాలా ఇళ్లకు ఇక్కడితో ఆగిపోవడమే మంచిదని నా అభిప్రాయం.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన దేశంలో ఇంట్లో వీపీఎన్ వాడడం నేరం కాదు, అయితే జమ్మూకశ్మీర్‌లోని కొన్ని జిల్లాల్లో అధికారులు అప్పుడప్పుడు తాత్కాలిక నిషేధ ఉత్తర్వులు ఇచ్చారు. పాలమూరు నుంచి గల్ఫ్‌కు వెళ్లిన బంధువులు మీకు ఉంటే, వాట్సాప్ కాల్ కోసం వీపీఎన్ పెట్టుకొమ్మని తేలికగా సలహా ఇవ్వకండి. యూఏఈలో వీపీఎన్ సాయంతో నేరం చేసినట్లు తేలితే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల వరకు జరిమానా వేసే చట్టం ఉంది.

రెండవ పని: వీపీఎన్ లేకుండా కొలవండి

దీన్ని ఎవరూ చేయరు, మేమూ మొదట చేయలేదు. ఆ తరువాత నెట్ మందగించినప్పుడల్లా తప్పు వీపీఎన్‌దా, రాత్రిపూట మా వీధి మొత్తం సీరియళ్లూ క్రికెట్టూ చూడడం వల్లనా అని తేల్చుకోలేక మళ్లీ మొదటికి వచ్చాము. ఒక పాత డైరీ తీసుకొని, మూడు రోజుల పాటు ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి తొమ్మిదింటికి ఫాస్ట్ డాట్ కామ్‌లో గానీ స్పీడ్‌టెస్ట్ యాప్‌లో గానీ కొలిచి రాయండి. డౌన్‌లోడ్ ఎంత, అప్‌లోడ్ ఎంత, పింగ్ (మన సందేశం పోయి జవాబు రావడానికి పట్టే సమయం) ఎన్ని మిల్లీసెకన్లు అన్న మూడు అంకెలూ కావాలి. వీలైతే ల్యాప్‌టాప్‌ను తీగతో రౌటర్‌కు కలిపి కొలవండి. మూడు గదుల అవతల వైఫైలో కొలిస్తే మీరు కొలిచేది గోడలనే అవుతుంది.

అదే సమయంలో మీ ఐపీ చిరునామా ఏమిటో చూపే సైటు ఒకటి తెరచి, అది చూపే నంబరును, ఊరి పేరును రాసుకోండి. నల్లగొండలో కూర్చుంటే హైదరాబాద్ అనో మరో నగరమనో చూపవచ్చు, కంగారు అక్కరలేదు. మన కంపెనీలు చాలావరకు ఒకే పబ్లిక్ ఐపీని ఎన్నో ఇళ్లకు కలిపి వాడుతాయి. రౌటర్ పేజీలో కనిపించే నంబరు 100.64 నుంచి 100.127 మధ్య దేనితోనైనా మొదలైతే మీ ఇల్లు కూడా అలాంటి ఉమ్మడి ఖాతాలోనే ఉందని అర్థం. ఐపీవీ6 (కొత్త తరహా పొడవాటి ఐపీ) చిరునామా కూడా కనిపిస్తే దాన్ని విడిగా రాయండి, తరువాత పరీక్షలో అది అవసరమవుతుంది.

మూడవ పని: ఎవరిని నమ్మాలో ఎంచుకోవడం

అసలు పరీక్ష ఇక్కడే ఉంది, ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. ఉచితంగా వచ్చేదానికి ఎవరు డబ్బు పెడుతున్నారని ముందు అడగాలి. ఫేస్‌బుక్ 2013లో కొన్న ఓనావో అనే సంస్థ వీపీఎన్ యాప్ ఒకటి, జనం ఏయే యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో తన యజమానికి చేరవేసేది. 2018లో యాపిల్ అభ్యంతరంతో అది యాప్ స్టోర్ నుంచి పోయింది, 2019లో పూర్తిగా మూతపడింది. హోలా అనే మరో ఉచిత సేవ తన వినియోగదారుల ఇంటి కనెక్షన్లనే ఇతరుల రాకపోకలకు దారిగా వాడుతూ, ఆ దారిని డబ్బుకు అమ్ముతున్నదని 2015లో బయటపడింది. అంటే మీ ఇంటి ఐపీ మీదుగా ఎవరో ముక్కూ మొహం తెలియనివారు ఏదో చేయవచ్చు, అడిగేవాళ్లు మాత్రం మీ గుమ్మం దగ్గరికే వస్తారు. మా పై పోర్షన్ అబ్బాయికి చెప్పి ఆ ప్రకటనల యాప్‌ను ఆ పూటే తీయించాను.

డబ్బు పుచ్చుకొనే వాటిలోనూ యజమాని ఎవరో చూడాలి. పేర్లు వేరైనా ఇళ్లు ఒకటే అయిన సందర్భాలున్నాయి. సైబర్‌ఘోస్ట్, ప్రైవేట్ ఇంటర్నెట్ యాక్సెస్, ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ మూడూ కేప్ టెక్నాలజీస్ అనే ఒక్క సంస్థవే, వీపీఎన్‌లకు ర్యాంకులిచ్చే సమీక్షా వెబ్‌సైట్ల సంస్థ ఒకదాన్ని కూడా అదే సంస్థ 2021లో కొన్నది. నార్డ్, సర్ఫ్‌షార్క్ 2022లో విలీనమయ్యాయి. అందుచేత "టాప్ 10" జాబితాలను పెళ్లిళ్ల పేరయ్య మాటలంత మాత్రమే నమ్మండి. నేను చూసేవి ఇవి: బయటి సంస్థ చేత ఆడిట్ చేయించి ఆ నివేదికను బయటపెట్టారా, యాప్‌ల కోడ్‌ను అందరూ చూసేలా ఉంచారా, రికార్డులు ఉంచుకోబోమని వారిచ్చిన మాటకు ఎప్పుడైనా నిజమైన పరీక్ష ఎదురైందా. స్వీడన్‌కు చెందిన ముల్వాడ్ అనే వీపీఎన్ కంపెనీ కార్యాలయానికి 2023 ఏప్రిల్‌లో పోలీసులు సోదా వారెంటుతో వచ్చి, వినియోగదారుల సమాచారమేదీ దొరకక వట్టి చేతులతో వెళ్లారు. ఇటువంటి సంఘటన ఎన్ని ప్రకటనలకైనా మించిన సాక్ష్యం.

మన దేశపు నియమం ఒకటి ఈ ఎంపికకు ముడిపడి ఉంది. సెర్ట్-ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఇక్కడ సేవలందించే వీపీఎన్ కంపెనీలు వినియోగదారుల పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఈమెయిల్, ఇచ్చిన ఐపీ వంటి వివరాలను 5 సంవత్సరాల పాటు భద్రపరచాలి. ఆఫీసుల సొంత వీపీఎన్‌లకు ఇది వర్తించదు. ఆ ఆదేశాల తరువాత ఎక్స్‌ప్రెస్, సర్ఫ్‌షార్క్, నార్డ్, ప్రోటాన్ మన దేశంలోని తమ సర్వర్లను తీసివేశాయి. ఇప్పటికీ కొన్ని యాప్‌ల జాబితాలో "ఇండియా" అని కనిపిస్తుంది గానీ, అది చాలావరకు సింగపూర్‌లోనో మరో చోటనో ఉన్న యంత్రానికి మన దేశపు ఐపీ తగిలించి నడిపే ఏర్పాటు. యాప్ సహాయ పేజీలో "వర్చువల్ లొకేషన్" అన్న మాట ఉందేమో చూడండి.

వాడి చూడడానికి నేను ఎంచుకున్నది ప్రోటాన్ ఉచిత ప్లాన్. స్విట్జర్లాండ్ సంస్థ నడిపే ఈ ప్లాన్‌లో డేటా పరిమితి లేదు, అయితే ఒక్క పరికరంలోనే వాడాలి, ఏ దేశపు సర్వర్ దొరికితే దానితో సర్దుకోవాలి. దీనికి ఖర్చు పెట్టేది డబ్బు కట్టే ఇతర వినియోగదారులు గనుక ఉచితంగా ఎలా ఇస్తున్నారన్న ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. మొదటి రెండు వారాలకు ఇది చాలు.

డబ్బు కట్టవలసి వస్తే రెండేళ్ల ప్లాన్ వైపు చూడకండి, నెల ధర ఎక్కువగా కనిపించినా మొదట ఒక్క నెలే తీసుకోండి. కార్డుతో కట్టినప్పుడు చెల్లింపు ఆగిపోతే కార్డు చెడిపోయిందనుకోవద్దు. రిజర్వు బ్యాంకు నిబంధన వల్ల 2020 నుంచి కొత్త కార్డులపై విదేశీ లావాదేవీలు మూసి ఉంచే ఇస్తున్నారు. బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ అన్న మీట తెరచి, కట్టి, మళ్లీ మూసేయండి. విదేశీ కరెన్సీ మార్పిడి ఛార్జీ, దానిపై జీఎస్టీ కూడా పడుతాయి. "30 రోజుల్లో డబ్బు వాపసు" అన్న హామీ ఉంటే అది కంపెనీ సైటులో నేరుగా కట్టినవారికా, ప్లే స్టోర్ ద్వారా కట్టినవారికి కూడానా అన్నది చదివి, గడువు తేదీని ఫోన్ క్యాలెండర్‌లో మూడు రోజుల ముందుకు పెట్టుకోండి.

నాలుగవ పని: ఒక్క పరికరంలో పెట్టి పరీక్షించండి

ఇంట్లో అందరి ఫోన్లలో ఒకేసారి పెట్టకండి, మీ సొంత ల్యాప్‌టాప్‌లోనో ఫోన్‌లోనో మాత్రమే పెట్టండి. యాప్‌ను ప్లే స్టోర్, యాప్ స్టోర్, లేదా కంపెనీ సొంత సైటు నుంచి మాత్రమే దింపుకోవాలి, ప్రచురణకర్త పేరు సరిగ్గా అదేనా అని చూడాలి. ఏదైనా యాప్ మన దేశపు స్టోర్‌లో కనిపించకపోతే టెలిగ్రామ్‌లో ఎవరో పెట్టిన ఏపీకే ఫైలు దింపుకోవడం కన్నా ఆ ఆలోచన మానుకోవడం మేలు. మొదటిసారి కనెక్ట్ చేసినప్పుడు ఆండ్రాయిడ్ అనుమతి అడుగుతుంది, ఒప్పుకున్న తరువాత పైన చిన్న తాళంచెవి గుర్తు వస్తుంది.

ప్రోటోకాల్ (వీపీఎన్ సంచి కుట్టే పద్ధతి) అన్న చోట వైర్‌గార్డ్ ఉంటే అదే ఎంచుకోండి. ఇది 2020 మార్చిలో వచ్చిన లైనక్స్ 5.6 నుంచి ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌లోనే భాగమైంది, కోడ్ చిన్నది, పాత ఫోన్ల మీద కూడా భారం తక్కువ. అది కలవని చోట ఓపెన్‌వీపీఎన్ వాడండి. పీపీటీపీ అనే పాతకాలపు పద్ధతి ఇంకా ఎక్కడైనా కనిపిస్తే దాన్ని ముట్టకండి.

కనెక్ట్ అయిన తరువాత, తాళంచెవి గుర్తును చూసి సంతృప్తి పడకుండా, ఇంతకుముందు ఐపీ చూసిన సైటునే మళ్లీ తెరవండి. నంబరు, ఊరు మారాలి. డైరీలో రాసుకున్న ఐపీవీ6 నంబరు గనుక ఇంకా అలాగే కనిపిస్తుంటే, సంచి కుట్టిన తరువాత కూడా ఒక పార్సిల్ బయటనే ఉండిపోయిందన్న మాట. యాప్‌లో ఐపీవీ6 లీక్ రక్షణ ఉంటే పెట్టండి, లేకపోతే సేవనే మార్చండి. తరువాత డీఎన్ఎస్ లీక్ టెస్ట్ సైటులో పెద్ద పరీక్ష నడిపి, వచ్చిన జాబితాలో మీ నెట్ కంపెనీ పేరు ఉందేమో చూడండి. ఫోన్‌లో ఇంతకుముందు ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టి ఉంటే అక్కడ గూగుల్ పేరో క్లౌడ్‌ఫ్లేర్ పేరో రావచ్చు, అది లీక్ కిందికి రాదు.

కిల్ స్విచ్‌ను కూడా చేతితో పరీక్షించాలి. వీపీఎన్ తెగిపోయిన క్షణంలో నెట్ మొత్తాన్ని ఆపివేయడం దాని పని. ల్యాప్‌టాప్‌లో ఏదో ఒక సైటుకు ఆగకుండా పింగ్ నడుపుతూ, టాస్క్ మేనేజర్‌లో వీపీఎన్ యాప్‌ను బలవంతంగా మూసేయండి. సమాధానాలు ఆగిపోతే స్విచ్ పని చేస్తున్నట్టు, ఏమీ జరగనట్టు వస్తూనే ఉంటే అది పేరుకు మాత్రమే ఉన్నట్టు. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోని వీపీఎన్ జాబితాలో "ఆల్వేస్ ఆన్", "వీపీఎన్ లేకుండా కనెక్షన్లు ఆపు" అనే రెండు మీటలు ఈ పని ఇంకా గట్టిగా చేస్తాయి. ఫోన్ తెర ఆరిపోయిన కాసేపటికే వీపీఎన్ తెగిపోతుంటే బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు ఆంక్షలు తీసివేయండి.

స్పీడు విషయం

ఇప్పుడు అవే మూడు వేళల్లో మళ్లీ కొలిచి, పాత అంకెల పక్కన కొత్తవి రాయండి. పింగ్ పెరగడం తప్పదు, అది దూరం లెక్క. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ ఉజ్జాయింపుగా 3,300 కిలోమీటర్లు కాబట్టి, తీగ తిన్నగా వేసి ఉన్నా పోయి రావడానికి 33 మిల్లీసెకన్లు పడుతుంది. నెదర్లాండ్స్ 7,000 కిలోమీటర్ల పైమాటే గనుక అక్కడికి 70కి తగ్గదు, సముద్రపు కేబుళ్లు వంకరలు తిరిగి పోతాయి గనుక నిజంలో దాని కన్నా చాలా ఎక్కువ వస్తుంది. యూట్యూబ్ చూడడానికి ఈ తేడా తెలియదు. పిల్లల ఆన్‌లైన్ ఆటల్లో, వీడియో కాల్‌లో మాటకు మాట అందడంలో తెలుస్తుంది. డౌన్‌లోడ్ స్పీడు సగానికి పడిపోతే సర్వర్‌ను మార్చి చూడండి, రాత్రి తొమ్మిదికి మాత్రమే పడిపోతే వీపీఎన్ లేని రోజు అదే వేళ అంకెను చూసి గాని తీర్పు చెప్పకండి.

ఇక అంకెల్లో దొరకని జబ్బు ఒకటి ఉంది. మా ఇంట్లో వీపీఎన్ పెట్టిన మూడో రోజున గూగుల్ వచ్చేది, వాట్సాప్ సందేశాలు పోయేవి, కానీ కొన్ని సైట్లు పైన పేరు మాత్రం చూపి తెల్ల కాగితంలా నిలిచిపోయేవి. స్పీడ్ టెస్ట్ మాత్రం బ్రహ్మాండంగా ఉండేది. నేను రెండు రోజులు బ్రౌజర్‌ను తిట్టి, దాన్ని తీసి మళ్లీ పెట్టి, చివరకు అసలు కారణం ప్యాకెట్ (నెట్‌లో సమాచారం పోయే ఒక్కో ముక్క) కొలత అని తెలుసుకున్నాను. మామూలుగా ఒక ప్యాకెట్‌లో 1,500 బైట్లు పడతాయి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రౌటర్‌లో నింపి కలిపే పీపీపీఓఈ కనెక్షన్లలో 8 బైట్లు దానికే పోయి 1,492 మిగులుతాయి. వైర్‌గార్డ్ తన కుట్టు కోసం ఐపీవీ4లో 60, ఐపీవీ6లో 80 బైట్లు తీసుకుంటుంది. సాధారణంగా అది లోపలి కొలతను 1,420గా పెట్టుకుంటుంది, మనకు మిగిలేది ఐపీవీ6 మీద 1,412 మాత్రమే. ఆ ఎనిమిది బైట్ల కోసమే పెద్ద ప్యాకెట్లు దారిలో రాలిపోతాయి, చిన్నవి దాటిపోతాయి. యాప్‌లో ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ కొలత) అన్న చోటు ఉంటే 1,400 పెట్టి చూడండి, అదీ చాలకపోతే 1,280 వరకు తగ్గించవచ్చు. ఆ చోటే లేకపోతే ప్రోటోకాల్ మార్చి చూడండి. మా ఇంట్లో 1,400తోనే కుదిరింది.

ఐదవ పని: ఇంటి పనులన్నీ దాని మీద ఒక వారం నడపండి

ఇంట్లో నెట్ మీద జరిగే పనుల జాబితా రాయండి. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, యూపీఐ, బ్యాంకు, రైలు టికెట్, మీసేవ, భూభారతిలో పహాణీ చూసుకోవడం, పిల్లల స్కూల్ యాప్, టీవీలో క్రికెట్, దుబాయిలోని తమ్ముడితో వీడియో కాల్. ఒక్కొక్కటి వీపీఎన్ ఆన్ చేసి చేయండి, ఆగినదాని పక్కన గీత పెట్టండి.

మాకు తగిలిన దెబ్బ బ్యాంకు దగ్గర తగిలింది. పొద్దున నల్లగొండ నుంచి లాగిన్ అయిన ఖాతాలోకి మధ్యాహ్నం యూరప్ ఐపీతో లాగిన్ కాబోయేసరికి, బ్యాంకు వారి యంత్రానికి అనుమానం వచ్చి నెట్ బ్యాంకింగ్ మూసేసింది. కస్టమర్ కేర్‌కు రెండుసార్లు ఫోన్ చేసి, చివరకు ఆధార్ పట్టుకొని బ్రాంచికి వెళ్లి, ఒక పూట కూర్చుంటే గాని తెరుచుకోలేదు. నిజానికి ఆ యంత్రం తన పని తాను చేసింది. "మీరు ఆ టైంలో ఫారిన్‌ల ఉన్నరా సార్?" అని కౌంటరులోని అమ్మాయి అడిగితే, సంగతంతా చెప్పలేక తల అడ్డంగా ఊపి ఊరుకున్నాను.

అందువల్ల స్ప్లిట్ టనెలింగ్ అనే సదుపాయం మీ యాప్‌లో ఉందో లేదో చూసి, ఉంటే బ్యాంకు యాప్‌లను, యూపీఐ యాప్‌లను, స్కూల్ యాప్‌ను మినహాయింపు జాబితాలో పెట్టండి. అవి మామూలు దారిలో పోతాయి, మిగిలినవన్నీ సంచిలో పోతాయి. అవి ఎలాగూ తమ సొంత కుట్టుతోనే వెళ్తాయి గనుక దీనివల్ల నష్టమేమీ లేదు. ఐఫోన్‌లో చాలా వీపీఎన్ యాప్‌లకు ఈ సదుపాయం లేదు, అక్కడ పని పడినప్పుడల్లా ఆపి పెట్టుకోవాలి. ప్రభుత్వ సైట్లలో కొన్ని విదేశీ ఐపీని రానివ్వవు కాబట్టి, భూమి కాగితాల పని ఉన్న రోజున ముందే ఆపేసి కూర్చోండి.

టీవీ సంగతి కొంచెం చిరాకు పుట్టిస్తుంది. క్రికెట్ చూపే మన దేశపు ఓటీటీలు విదేశీ ఐపీ కనబడగానే ఇది మీ ప్రాంతంలో లేదంటాయి. నెట్‌ఫ్లిక్స్ అయితే వీపీఎన్‌ను గుర్తుపడితే, ప్రపంచమంతటా తమకు హక్కులున్న సినిమాలు, సిరీస్‌లు మాత్రమే చూపుతుంది. అంటే మీకు ఉన్న తెలుగు సినిమాలు కూడా కొన్ని మాయమవుతాయి. యూట్యూబ్‌లో మా ఇంటావిడ వంటల వీడియో పెడితే మధ్యలో డచ్ భాషలో చీజ్ ప్రకటన వచ్చింది. టీవీని వీపీఎన్ బయటే ఉంచడం మంచిది.

అందరికీ ఒకేసారి పనికొస్తుందని రౌటర్‌లోనే వీపీఎన్ పెట్టాలనిపిస్తుంది. నెట్ కంపెనీ ఇచ్చే ఫైబర్ రౌటర్లలో సాధారణంగా ఆ సదుపాయం ఉండదు, వేరే రౌటర్ కొని పెట్టినా దాని చిన్న ప్రాసెసర్ ఇంటి స్పీడు మొత్తాన్ని మోయలేకపోవచ్చు. పైగా బ్యాంకుకు, టీవీకి మినహాయింపులు ఇవ్వడం కష్టమవుతుంది. నెల రోజుల ప్రయత్నానికి దాని జోలికి పోవద్దు.

ఇరవయ్యో రోజున

డైరీ తెరచి గీతలు లెక్కపెట్టండి. మా లెక్కలో తేలింది ఇది: సొంత కనెక్షన్ మీద ఉన్న మాకు రోజంతా వీపీఎన్ అక్కరలేదు, ఫోన్లలో ప్రైవేట్ డీఎన్ఎస్ ఉంచుకొని వీపీఎన్‌ను ల్యాప్‌టాప్‌లో మాత్రం అవసరానికి ఉంచుకున్నాము. పై పోర్షన్ అబ్బాయికి మాత్రం అది రోజూ పనికి వస్తున్నది, యూపీఐ యాప్‌లను మినహాయించి మిగతాదంతా దాని మీదే నడుపుతున్నాడు. మీ గీతలు వేరుగా ఉండవచ్చు.

వద్దనుకుంటే తీసివేయడానికి కూడా ఒక క్రమం ఉంది. ముందు ఖాతా పేజీలో ఆటో రెన్యువల్ రద్దు చేసి, రద్దయినట్టు వచ్చిన ఈమెయిల్‌ను దాచండి, వాపసు కోరవలసి ఉంటే గడువులోగా అక్కడే అడగండి. ప్లే స్టోర్ ద్వారా కట్టి ఉంటే యాప్‌ను తీసేసినంత మాత్రాన చందా ఆగదు, స్టోర్‌లోని సబ్‌స్క్రిప్షన్స్ పేజీలో విడిగా ఆపాలి. తరువాత యాప్‌లోకి వెళ్లి కిల్ స్విచ్‌ను, ఆల్వేస్ ఆన్‌ను ఆపి, డిస్‌కనెక్ట్ చేసి, ఆ తరువాతే అన్ఇన్‌స్టాల్ చేయండి. ఐఫోన్‌లో అయితే జనరల్ సెట్టింగ్స్‌లోని వీపీఎన్ పేజీలో మిగిలిపోయిన ప్రొఫైల్‌ను కూడా తుడిచేయాలి. కిల్ స్విచ్‌ను ఆపకుండా యాప్‌ను తీసేస్తే విండోస్‌లో ఒక్కోసారి నెట్ మొత్తం రాకుండా పోతుంది, రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి పెట్టినా రాదు. అప్పుడు లైన్‌మన్‌ను పిలవకముందు అదే యాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌తోనో పెన్ డ్రైవ్‌తోనో మళ్లీ పెట్టి, స్విచ్ ఆపి, తిరిగి తీసేయండి. అప్పటికీ రాకపోతే నెట్‌వర్క్ సెట్టింగ్స్ చివరన ఉన్న నెట్‌వర్క్ రీసెట్ నొక్కి, కంప్యూటర్‌ను మళ్లీ తెరచి, వైఫై పాస్‌వర్డ్ కొత్తగా నింపండి.